ఒకే ఇంట్లో ఒకే ఫ్లూ... తమ్ముడికే ఎందుకు ప్రాణం మీదికొచ్చింది?

ప్రశ్న: మా ఇంట్లో నలుగురికీ ఒకే వారంలో ఫ్లూ వచ్చింది. ముందు నాకు, తర్వాత మా పాపకి, అమ్మకి, తమ్ముడికి. అమ్మకి 74 ఏళ్లు, బీపీ ఉంది. అయినా మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు, అంతే. తమ్ముడికి 41. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. కాస్త లావుగా ఉంటాడు గానీ వారానికి నాలుగు రోజులు షటిల్ ఆడతాడు. నాలుగో రోజుకి జ్వరం తగ్గిందని ఆఫీసుకి కూడా వెళ్లాడు. ఆరో రోజు రాత్రి చలితో మళ్లీ జ్వరం. తెల్లారేసరికి ఒక మాట పూర్తిగా చెప్పలేనంత ఆయాసం. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు, అందులో అయిదు రోజులు వెంటిలేటర్ మీద. వైరస్‌తో పాటు బ్యాక్టీరియా నిమోనియా కూడా చేరిందన్నారు. ఇంటికొచ్చి మూడు వారాలైంది. ఇంతమందిలో వాడికే ఎందుకిలా అయింది? వాడికి ఇమ్యూనిటీ తక్కువా? మా రక్తంలోనే ఏదైనా లోపం ఉందా, రేపు పాపకీ ఇలాగే అవుతుందా? "నువ్వే వాడికి అంటించావు" అని మా పెద్దమ్మ అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. వాడు ఇప్పటికీ మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. ఎన్నాళ్లిలా?
— పేరు రాయొద్దన్న ఒక అక్క

సమాధానం: ముందు మీ పెద్దమ్మగారి మాట సంగతి చూద్దాం. అది మనసులో ఉండగా మిగతాదేదీ మీకు తలకెక్కదు.

ఫ్లూ వైరస్ ఒంట్లోకి వెళ్లాక జ్వరం రావడానికి ఒక రోజు పట్టొచ్చు, నాలుగు రోజులూ పట్టొచ్చు. అందుకని జ్వరం ముందు ఎవరికి వస్తే వాళ్లే ఇంటికి తెచ్చారని లెక్క కాదు. మీ తమ్ముడు మీకంటే ముందే బయట ఎక్కడో తగిలించుకుని ఉండొచ్చు. పైగా జ్వరం మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే ఆ మనిషి నుంచి వైరస్ బయటికి వస్తుంటుంది. అంటే మీరే అంటించారనుకున్నా, అంటించే సమయానికి మీకు ఒంట్లో బాగాలేదన్న సంగతి మీకే తెలియదు. ఇంకో మాట కూడా ఉంది. ఎవరి నుంచి వచ్చినా వచ్చింది ఆ వైరసే. అదే వైరస్ మీ పాపకీ, అమ్మగారికీ వచ్చి పోయింది. తమ్ముడిని ఐసీయూ దాకా తీసుకెళ్లింది ఆయన ఒంట్లో జరిగిన కథ. అది మీ చేతిలో లేదు, ఆయన చేతిలోనూ లేదు.

ఇక ఆ కథ ఏమిటో చెబుతాను.

వైరస్ ఒక కణంలో దూరగానే ఆ కణం ఊరుకోదు. ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంపుతుంది. అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1957లో లండన్‌లో దీన్ని కనిపెట్టారు. ఇది అందిన కణాలు వెంటనే తలుపులు బిగించుకుంటాయి. వైరస్ లోపలికి వచ్చినా అక్కడ సంతానం పెంచుకోలేదు. యాంటీబాడీలు, టీ కణాలు అంటూ మనం వినే పెద్ద సైన్యం రంగంలోకి దిగడానికి రోజులు పడుతుంది. ఈ ఇంటర్‌ఫెరాన్ గంటల్లో పని మొదలుపెడుతుంది. ముక్కు, గొంతు దగ్గరే వైరస్‌కి అడ్డం పడితే అది మామూలు జలుబు జ్వరంతో పోతుంది. అక్కడ ఒకటి రెండు రోజులు ఆలస్యమైందా, వైరస్ రెట్టింపై, నాలుగింతలై, శ్వాసనాళాల వెంట కిందికి దిగుతుంది.

కింద ఉన్నవి ఎంత సున్నితమైనవో చెప్పాలి. మన ఊపిరితిత్తుల్లో 30 నుంచి 50 కోట్ల దాకా చిన్న చిన్న గాలి గదులుంటాయి. ఒక్కో గది గోడ మందం వెంట్రుక మందంలో సుమారు వందో వంతు. ఆ గోడకి ఇవతల గాలి, అవతల రక్తం. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి వరసగా నడుస్తూ ఆ గోడలోంచే ఆక్సిజన్ అందుకుని వెళతాయి. వైరస్ ఆ గోడని దెబ్బతీసినా, వైరస్‌ని చంపడానికి వచ్చిన సైన్యం ఆ గోడ మీదే యుద్ధం చేసినా జరిగేది ఒకటే. గోడ వాస్తుంది, నీరు ఊరుతుంది, గాలి ఉండాల్సిన గదిలో చీము లాంటి ద్రవం నిండుతుంది. మనిషి ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా ఆ గదిలోంచి రక్తానికి ఆక్సిజన్ అందదు. ఇలాంటి గదులు పెరిగేకొద్దీ ఆయాసం.

అందుకే "ఇమ్యూనిటీ తక్కువా" అన్న మీ ప్రశ్నకి అవునని గానీ కాదని గానీ చెప్పలేం. ఎంత ఉందనే దానికంటే ఎప్పుడు కదిలిందనేది ముఖ్యం. మొదట్లో కదలాల్సినది కదలకపోతే వైరస్ పెరుగుతుంది. ఆ తర్వాత ఆలస్యంగా, విపరీతంగా కదిలితే మన ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. మొదట్లో మేలు చేసే ఇంటర్‌ఫెరాన్ కూడా రోజుల తరబడి ఆగకుండా వస్తూనే ఉంటే, దెబ్బతిన్న పొర మళ్లీ పెరగడానికి అడ్డు పడుతుందని 2020లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది.

మందుల విషయంలోనూ ఇంతే. కోవిడ్ రోజుల్లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ట్రయల్ జరిగింది. వాపుని అణిచే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లకి ఏ మేలూ జరగలేదు. మందు అదే, జబ్బు అదే, సమయమే తేడా. ఇది చదివి, జ్వరం రాగానే స్టెరాయిడ్ బిళ్లలు వేసుకునే అలవాటున్న వాళ్లు దయచేసి మానేయండి. మామూలు ఫ్లూలో స్టెరాయిడ్ ఇవ్వరు. మొదటి రోజుల్లో అది వైరస్‌కే సాయం చేస్తుంది.

మరి కొందరిలో ఆ మొదటి అడుగు ఎందుకు తడబడుతుంది? ఈ పదిహేనేళ్లలో నాకు అన్నిటికంటే విస్మయం కలిగించిన జవాబు ఇక్కడే ఉంది.

2015లో ఒక చిన్నపాప గురించి పరిశోధకులు రాశారు. రెండున్నరేళ్ల వయసులో మామూలు ఫ్లూతోనే ఆ పాప వెంటిలేటర్ దాకా వెళ్లింది. అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లే. జన్యువులు చూస్తే, ఇంటర్‌ఫెరాన్ తయారీకి కావలసిన ఐఆర్ఎఫ్7 అనే జన్యువు రెండు కాపీల్లోనూ లోపం. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వచ్చాయి. ఒక్కో కాపీ బాగున్న ఆ తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నారు.

ఆ పరిశోధన చేసిన జాన్ లోరాన్ కాసనోవా బృందమే 2020లో కోవిడ్ రోగుల్లో ఇంకో సంగతి బయటపెట్టింది. ప్రాణాపాయ స్థితికి వెళ్లిన 987 మందిని పరీక్షిస్తే, 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పట్టుకుని పనిచేయకుండా చేసే యాంటీబాడీలు దొరికాయి. స్వల్ప లక్షణాలతో బయటపడిన 663 మందిలో ఒక్కరికీ లేవు. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. ఈ యాంటీబాడీలు వైరస్ వచ్చాక పుట్టినవి కావు, అంతకుముందే ఉన్నవి. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా డెబ్బై దాటాక, ఇవి ఉన్నవాళ్లు ఎక్కువవుతారు. 2022లో ఫ్లూ నిమోనియాతో ప్రాణాపాయంలో పడ్డవాళ్లలో వెతికినా దాదాపు నూటికి అయిదుగురిలో ఇవే కనిపించాయి.

ఒక్కసారి ఆలోచించండి. షటిల్ ఆడుతూ, ఆఫీసుకి వెళుతూ, ఏ లోటూ లేకుండా తిరిగే మనిషి రక్తంలో ఇలాంటిది ఏళ్ల తరబడి ఉండొచ్చు. రోజువారీ జీవితంలో దాని జాడే కనబడదు. మామూలు రక్తపరీక్షల్లో తెలియదు. మీ తమ్ముడికి ఇదే ఉందని నేననడం లేదు. "ఒళ్లు గట్టిగా ఉన్నవాడికి ఏమీ కాదు, బలహీనుడికే అవుతుంది" అని మనం వేసుకునే లెక్క ఎంత తప్పో చెప్పడానికే ఇదంతా.

అమ్మగారు తేలిగ్గా బయటపడడానికీ కారణాలుంటాయి. ఫ్లూ విషయంలో వయసు ఒక్కోసారి ఎదురు తిరిగి పనిచేస్తుంది. మనిషి చిన్నతనంలో మొదటిసారి ఏ రకం ఫ్లూని చూస్తాడో, దాని ముద్ర రోగనిరోధక వ్యవస్థ మీద జీవితాంతం ఉంటుంది. 2009లో స్వైన్ ఫ్లూ (హెచ్1ఎన్1 అనే రకం ఫ్లూలో కొత్తది) వచ్చినప్పుడు చిన్నవాళ్లు, నడివయసు వాళ్లు, గర్భిణులు ఐసీయూల పాలయ్యారు. అరవై దాటిన చాలామంది మాత్రం గట్టెక్కారు. 1957కి ముందు తిరిగిన పాత హెచ్1ఎన్1 రకాలు వాళ్లకి పరిచయం. ఆ జ్ఞాపకం అర్ధశతాబ్దం తర్వాత పనికొచ్చింది. మీ అమ్మగారి బాల్యం ఆ రోజుల్లోదే. అలాగని పెద్దవాళ్లకి ఫ్లూ ప్రమాదం లేదనుకోకండి. మామూలు సంవత్సరాల్లో ఫ్లూతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లే.

తమ్ముడి లావు గురించి మీరు సగం వాక్యంలో చెప్పి దాటేశారు. నేను దాటవేయను. 2009 నుంచి ఊబకాయాన్ని ఫ్లూ ముదరడానికి ఒక విడి కారణంగానే చూస్తున్నాం. పొట్ట పెద్దదైతే పడుకున్నప్పుడు అది కింద నుంచి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది, అడుగు భాగాలు పూర్తిగా తెరుచుకోవు. కొవ్వు కణజాలం ఒంట్లో ఎప్పుడూ సన్నని వాపుని రగిలిస్తూ ఉంటుంది. మొదటి ఇంటర్‌ఫెరాన్ స్పందన కూడా మందగిస్తుంది. షటిల్ మంచిదే, మానకూడదు, కానీ అది దీన్ని పూర్తిగా చెరిపేయదు. ఇది నింద కాదు. ఆయన చేతిలో ఉన్నవి కొన్నే, వాటిలో ఇదొకటి కాబట్టి చెబుతున్నాను.

షుగర్, ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాల జబ్బు), గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, కీమోథెరపీ, అవయవ మార్పిడి మందులు, పొగతాగడం... ఇవన్నీ ముప్పు పెంచేవేనని మీకు తెలిసే ఉంటుంది. వివరంగా రాయను.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఇది: "నాలుగో రోజుకి జ్వరం తగ్గిందని ఆఫీసుకి కూడా వెళ్లాడు. ఆరో రోజు రాత్రి చలితో మళ్లీ జ్వరం." ఫ్లూ గురించి తెలిసిన ఏ డాక్టరైనా ఇక్కడ ఉలిక్కిపడతాడు. శ్వాసనాళాల లోపలి పొర మీద సన్నని నూగు లాంటి కేశాలుంటాయి. అవి చీపురులా కఫాన్నీ, క్రిముల్నీ నిరంతరం పైకి ఊడ్చేస్తుంటాయి. ఫ్లూ వైరస్ సరిగ్గా ఆ కణాల్నే చంపుతుంది. వైరస్ తగ్గుముఖం పట్టినా ఆ చీపురు మళ్లీ మొలవడానికి వారాలు పడుతుంది. మన ముక్కులో, గొంతులో ఏ హానీ చేయకుండా ఉండే న్యూమోకాకస్, స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఈ సందులో కిందికి జారుతుంది. వైరస్ మీద యుద్ధంలో ఉన్న రక్షణ వ్యవస్థ ఆ సమయంలో బ్యాక్టీరియా వైపు సరిగ్గా చూడదు కూడా. 1918 ఫ్లూలో చనిపోయిన 58 మంది ఊపిరితిత్తుల నమూనాలు భద్రపరిచి ఉంటే, తొంభై ఏళ్ల తర్వాత, 2008లో, మళ్లీ సూక్ష్మదర్శిని కింద చూశారు. దాదాపు అందరిలోనూ బ్యాక్టీరియా నిమోనియా ఆనవాళ్లే. కోట్లమందిని తీసుకుపోయిన ఆ ఫ్లూలో చివరి దెబ్బ చాలావరకు ఈ రెండో శత్రువుదే.

తమ్ముడు ఆఫీసుకి వెళ్లడం వల్లే ఇది వచ్చిందా అంటే, కాదు. జ్వరం తగ్గితే పని మీద వెళ్లని వాళ్లెవరు? కానీ తగ్గి మళ్లీ తిరగబెట్టిన జ్వరాన్ని ఆ రాత్రే ప్రమాద సూచనగా గుర్తిస్తే కొన్ని గంటలు కలిసొచ్చేవి. మీకు ఎవరూ చెప్పలేదు, మీకెలా తెలుస్తుంది? అందుకే ఇప్పుడు చదివేవాళ్లందరి కోసం చెబుతున్నాను.

ఇంట్లో ఎవరికైనా ఫ్లూ లాంటి జ్వరం వస్తే థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్మకండి, ఊపిరి లెక్కపెట్టండి. మనిషిని కదలకుండా కూర్చోబెట్టి, లెక్కపెడుతున్నట్టు చెప్పకుండా, సెకన్ల ముల్లు చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో చూడండి. చెబితే ఊపిరి మారిపోతుంది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు. 25 దాటి అలాగే ఉంటే ఆ పూటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, 30 అయితే ఆసుపత్రికి పరుగే. పిల్లలకి ఈ అంకెలు వర్తించవు, వాళ్ల ఊపిరి సహజంగానే వేగం. డొక్కలు ఎగరేస్తున్నారా, పాలు తాగలేకపోతున్నారా అన్నది చూడాలి.

పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వేలు వెచ్చగా ఉన్నప్పుడు, గోళ్లరంగు లేకుండా పెట్టండి. అంకె నిలబడే దాకా ఒక నిమిషం ఆగండి. 94 కంటే తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి, 90 కంటే తగ్గితే ఎమర్జెన్సీ. ముదురు రంగు చర్మం మీద ఈ పరికరం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించొచ్చు. కాబట్టి అంకె బాగుండి మనిషి బాగాలేకపోతే మనిషినే నమ్మండి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం, పెదాలు నీలంగా మారడం, పొంతన లేకుండా మాట్లాడడం, లేపినా మత్తుగా ఉండడం, మూత్రం బాగా తగ్గిపోవడం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగకూడదు.

ఫ్లూకి మందు ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఒసెల్టామివిర్ అనేది లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆసుపత్రిలో చేరేంత జబ్బు చేసినవాళ్లకి ఆలస్యమైనా ఇస్తారు. అందరికీ అక్కర్లేదు గానీ, మీ అమ్మగారికి, ఇకమీదట మీ తమ్ముడికి, జ్వరం మొదలైన రోజే డాక్టర్‌ని అడగాలి. దీన్ని యాంటీబయాటిక్ అనుకుని దానికి బదులు ఇంకేదో వాడకండి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, బ్యాక్టీరియా చేరినప్పుడే దాని అవసరం.

ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులు, సీసాల జోలికి వెళ్లొద్దు. మీ తమ్ముడి ఒంట్లో తప్పింది సమయం. దాన్ని సరిచేసే పొడి లేదు. సమయాన్ని నిజంగా మన వైపు తిప్పేది టీకా. వైరస్ రాకముందే యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఇంటర్‌ఫెరాన్ తడబడినా రెండో వరస వెంటనే అందుకుంటుంది. నేను చెప్పిన ఐఆర్ఎఫ్7 పాపకి కూడా డాక్టర్లు ఏటా ఫ్లూ టీకా ఇస్తూ వచ్చారు. టీకా వేసుకున్నా ఫ్లూ రావొచ్చు, అది నిజమే. కానీ ఐసీయూ దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. ఇంట్లో నలుగురూ వేసుకోండి. అమ్మగారికీ, తమ్ముడికీ న్యూమోకాకస్ టీకా గురించి కూడా డాక్టర్‌ని అడగండి.

రక్తంలో లోపం గురించి. జన్యువుల పాత్ర ఉంది, కానీ మీరు భయపడేంత సూటిగా కాదు. కోవిడ్‌లో ముప్పు పెంచే ఒక జన్యుభాగం నియాండర్తల్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన పురాతన మానవుల నుంచి మనకి వచ్చిందని 2020లో హ్యూగో జీబర్గ్, స్వాంటే పాబో అనే శాస్త్రవేత్తలు చూపించారు. దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది కనీసం ఒక కాపీ ఉంది. ఆ సగం మందీ ఐసీయూకి వెళ్లలేదు కదా! వాళ్లలో అత్యధికులు ఇంట్లోనే కోలుకున్నారు. మీ పాప విషయానికొస్తే, అదే ఫ్లూ తనకీ వచ్చి మామూలుగా తగ్గిపోయింది. ఇంతకంటే మంచి పరీక్ష ఏ ల్యాబూ చేయలేదు. తనకి జన్యుపరీక్షలు అక్కర్లేదు. ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి వైరస్ జబ్బులు ఇలా ముదిరితేనో, తమ్ముడికి మళ్లీ ఇలాంటిదే జరిగితేనో ఇమ్యునాలజీ (రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన వైద్యం) తెలిసిన డాక్టర్‌ని కలవండి.

చివరిగా మెట్ల సంగతి. అయిదు రోజులు వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఊపిరితిత్తులతో పాటు కండరాలు కూడా కరిగిపోతాయి. తొడలూ, ఊపిరి పీల్చే కండరాలూ రెండూ చిక్కుతాయి. మూడు వారాలకి మెట్ల మధ్యలో ఆగడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. చాలామందికి రెండు మూడు నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. రోజూ సమతలం మీద నడవనివ్వండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. రెండు మూడు రోజులకోసారి కొద్దిగా దూరం పెంచండి. షటిల్ ఇప్పుడే వద్దు. ఛాతీ ఎక్స్‌రే మళ్లీ ఎప్పుడు తీయాలో వైద్యం చేసిన డాక్టర్‌ని అడగండి. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తీస్తారు. రోజురోజుకీ తగ్గాల్సిన ఆయాసం పెరుగుతున్నా, ఒక కాలు మాత్రమే వాచినా, ఊపిరి పీలుస్తుంటే ఛాతీలో పోటు వచ్చినా ఆ రోజే వెళ్లాలి. అవి రక్తం గడ్డకట్టిన లక్షణాలు కావొచ్చు.

ఒకటి అడగడం మరిచిపోకండి, రాత్రుళ్లు ఎలా నిద్రపోతున్నాడని. ఐసీయూ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది పీడకలలతో లేస్తారు, ఇంట్లోవాళ్లు కంగారుపడతారని బయటికి చెప్పరు. ఆ అయిదు రోజుల్లో తనకి ఏం జరిగిందో ఆయనకి ముక్కలు ముక్కలుగానే గుర్తుండి ఉంటుంది. మీకు గుర్తుంది. పక్కన కూర్చుని, ఏ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పండి. మీరు బయట కుర్చీలో ఎన్ని రాత్రులు కూర్చున్నారో అది కూడా చెప్పండి.